ఏడు దేశాల్లో ఉన్న మా ఊరివాళ్ళను ఒక్క సంఘంగా నిలబెట్టడం ఎలా?

లంకమాస్టారు
మాది వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య ఉన్న ఒక లంక గ్రామం. నేను అక్కడే 34 ఏళ్ళు బడిపంతులుగా పనిచేసి విరమణ పొందాను. మా ఊరిలో ఇంటికొకరైనా పరదేశంలో ఉన్నారు. ఆడవాళ్ళు ఎక్కువగా కువైట్‌లోనూ మస్కట్‌లోనూ ఇళ్ళలో పనిచేస్తున్నారు, చదువుకున్న పిల్లలు న్యూజెర్సీ, డల్లాస్, మెల్‌బోర్న్ చేరారు, తాతల కాలంలో రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళి తిరిగిరాని కుటుంబాలు కూడా ఉన్నాయి. వీరందరినీ ఒక్కచోట కలపాలన్న కోరికతో మూడేళ్ళ కిందట ఒక వాట్సాప్ గ్రూపు మొదలుపెట్టాను. ఇప్పుడు అందులో ఏడు దేశాల నుంచి 214 మంది ఉన్నారు.

పోయిన నెలలో మా ఊరి అమ్మాయి ఒకామె కువైట్ నుంచి అర్ధరాత్రి దాటాక ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది. నాలుగు రోజులుగా జ్వరమని, పనిచేసే ఇంటివారు ఆసుపత్రికి పంపడం లేదని, పాస్‌పోర్టు వారి దగ్గరే ఉందని చెప్పింది. తెల్లవారేసరికి ఆ మెసేజ్ మీద ఒకరి పుట్టినరోజు శుభాకాంక్షలు, పూల బొమ్మలు, గుడి ఫొటోలు కలిపి నలభైకి పైగా వచ్చి పడ్డాయి. దాన్ని మొదట విన్నది నేనే, అదీ రెండో రోజు సాయంత్రం. మొత్తం 38 సెకన్ల మాట. చివర "మాస్టారండీ, ఎవరన్నా వింటున్నారా?" అని అడిగింది. ఆ పిల్లకు అక్షరాలు దిద్దించినది నేనే.

అప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. దేశాల సరిహద్దులు దాటి ఒక సంఘాన్ని కట్టాలంటే, అది ఫొటోల గోడగా మిగలకుండా ఉండాలంటే, దేని మీద కట్టాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

గౌతమిగట్టు
ముందు ఆ అమ్మాయి ఇప్పుడెలా ఉందో చెప్పండి మాస్టారూ. మిగతా సంగతులు తరువాత మాట్లాడుకోవచ్చు.

లంకమాస్టారు
కోలుకుంది. కువైట్‌లోని సాల్మియాలో ఉండే రాజోలు ఆడపడుచు ఒకరు పూనుకుని మన రాయబార కార్యాలయం ద్వారా ఆసుపత్రిలో చేర్పించారు. ఆమె ఈ చర్చావేదికలో కూడా సభ్యురాలే. వీలు చూసుకుని రాస్తానన్నారు.

సాల్మియా_రాజోలు
నాకు శుక్రవారం మాత్రమే తీరిక కనుక ఆలస్యంగా రాస్తున్నాను. నేను కువైట్ వచ్చి పదకొండేళ్ళయింది. మొదటి నాలుగేళ్ళు ఖద్దామా (ఇంటిపనివారి) వీసా మీద ఒక ఇంట్లో పనిచేశాను, ఇప్పుడు ఒక దర్జీ దుకాణంలో ఉన్నాను.

మాస్టారు గ్రూపులో 214 మంది ఉన్నారన్నారు. ఆ రాత్రి ఆ అమ్మాయికి కావలసింది ఒక్క మనిషి. నాకు ఆ వార్త మీ గ్రూపు నుంచి రాలేదు, చర్చి ఆవరణలో ప్రతి శుక్రవారం కలిసే మా ఆడవాళ్ళ నుంచి వచ్చింది. మేము అక్కడ ప్రార్థన అయిపోయాక వరుసగా కూర్చుని, ఎవరు రాలేదో లెక్క చూసుకుంటాం. ప్రతి మనిషికీ ఇద్దరు బాధ్యులు ఉంటారు. నేను రాకపోతే నా గురించి ఎవరు అడగాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఆ అమ్మాయి రెండు శుక్రవారాలు రాలేదు కాబట్టి ఆమె బాధ్యురాలు ఫోన్ చేసింది, ఎత్తకపోయేసరికి ఆ ఇంటి దగ్గర బకాలాలో (కిరాణా కొట్టులో) పనిచేసే మలయాళీ అబ్బాయిని అడిగింది. అతను చెత్త పారేయడానికి బయటికి వచ్చిన ఆ అమ్మాయిని చూసి మాకు చెప్పాడు. మీ ఊరివాళ్ళు, మా ఊరివాళ్ళు అని కాదు, తెలుగు మాట ఒక్కటీ రాని ఆ అబ్బాయి వల్ల ఆమె బతికింది.

ఇంకొక సంగతి ఊరిలో ఉన్నవాళ్ళకు తెలియాలి. ఇక్కడ 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటిపనివారికి వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలి, రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదు. చట్టం ఉన్నదన్న మాట వంటగదిలో ఉన్న మనిషికి చేరదు. ఆ ఇంట్లో ఉండలేక బయటపడితే "కల్లివెల్లి" అని, అంటే పారిపోయిన మనిషని, ముద్ర వేస్తారు, అకామా (నివాస అనుమతి) పోతుంది, అప్పుడు పోలీసులన్నా భయమే. అందుకని ఆడవాళ్ళు నోరు విప్పరు. మీరు కట్టబోయే సంఘం ఈ చట్టంలోని మూడు ముక్కలను తెలుగులో, చదివి కాదు, వినిపించేలా చేయగలిగితే చాలు. మాలో సగం మందికి చదవడం రాదు.

గౌతమిగట్టు
ఇద్దరు బాధ్యులు అన్న పద్ధతి ఎంత బాగుందో! మన ఊళ్ళలోనే ఇటువంటి ఏర్పాటు లేదు.

న్యూజెర్సీ_అమలాపురం
సాల్మియా అక్కగారు రాసినది చదివి చాలాసేపు మాట రాలేదు. అయినా ఒక విషయంలో నా అభిప్రాయం వేరు. ఆపద వచ్చినప్పుడు ఆదుకోవడం అవసరమే, కానీ దాని మీదనే సంఘం నిలవదు. ఆపద రోజూ రాదు. రోజూ మనుషులను కలిపి ఉంచేది భాష, పండుగ, వంట, పాట. హైదరాబాదులో 1975లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. ఆ తరువాత 1981లో కౌలాలంపూర్‌లోనూ 1990లో మారిషస్‌లోనూ జరిగాయి. అమెరికాలో 1977లోనే తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) ఏర్పడింది. వీటన్నిటికీ పునాది తెలుగు మీద ఉన్న ప్రేమే. నా కూతురు ఇక్కడే పుట్టింది. వారాంతపు తెలుగు బడికి వెళ్ళకపోయి ఉంటే అమలాపురంలో ఉన్న మా అమ్మతో దానికి మాట కలిసేది కాదు. కాబట్టి ముందు భాష, తరువాతే మిగతావి.

తపాలాతాత
నేను కోనసీమలో 36 ఏళ్ళు తపాలా శాఖలో పనిచేశాను. అమలాపురం తమ్ముడు చెప్పిన ప్రేమను నేను కాదనను. అయితే ప్రేమ లేకపోయినా పనిచేసిన ప్రపంచ తపాలా సంఘం గురించి చెప్పనివ్వండి, ఎందుకంటే నా జీవితమంతా దాని నీడలోనే గడిచింది.

1874 అక్టోబర్ 9న స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో 22 దేశాలు ఒక ఒడంబడిక మీద సంతకాలు చేశాయి. మన దేశం 1876లో అందులో చేరింది. దాని సారాంశం ఇంతే: ఉత్తరాల విషయంలో సభ్యదేశాలన్నీ కలిసి ఒకే భూభాగం. నీ దేశంలో అంటించిన బిళ్ళకు నా దేశంలో విలువ ఉంటుంది, నీవు పంపిన ఉత్తరాన్ని నా దేశపు ఉత్తరం లాగానే ఇంటికి చేరుస్తాను. ఆ తరువాత అదే దేశాలు రెండు మహాయుద్ధాలు చేసుకున్నాయి, అయినా యుద్ధాలు ముగిశాక మళ్ళీ ఆ ఒడంబడికకే వచ్చి చేరాయి. ఒకరంటే ఒకరికి గిట్టనివారు కూడా ఒక చిన్న విధిని ఒప్పుకుని, దాన్ని తప్పకుండా చేయడం వల్ల అది నిలిచింది.

నా మొదటి ఉద్యోగంలో గల్ఫ్ నుంచి నీలిరంగు ఏరోగ్రాములు వచ్చేవి. అవి మూడు మడతల కాగితాలు, లోపలి వైపు అంచుల దాకా రాసి, జాగా చాలక పక్కన నిలువుగా కూడా రాసేవారు. చదువురాని ఇల్లాలికి నేనే గుమ్మంలో నిలబడి చదివి వినిపించేవాణ్ణి. చదువుతుండగా పక్కింటివాళ్ళు వస్తే ఆమె నా చేతిలోంచి ఉత్తరం తీసుకుని మడిచేది, వాళ్ళు వెళ్ళాక మళ్ళీ ఇచ్చేది. "ఇక్కడ నుంచి చదవండి" అని వేలు పెట్టి చూపించేది. అక్షరం రాకపోయినా ఏ వరుసలో ఆగామో ఆమెకు తెలుసు. ఆ ఉత్తరంలో ఏమున్నదో నేను ఎవరికీ చెప్పకూడదు, చెప్పలేదు. మాస్టారు కట్టబోయే సంఘంలో కూడా ఈ రెండూ ఉండాలి. ఒకటి, వచ్చిన మాటను చేరవలసిన చోటికి చేర్చి తీరడం. రెండు, దాన్ని పదిమందిలో పరచకపోవడం.

ఆత్రేయపురం_పిల్ల
తపాలాతాతగారూ, మా అమ్మమ్మ మస్కట్‌లో ఉన్న పెద్దమ్మకు పోస్టులో పూతరేకులు పంపితే పొడిగా చేరాయట. ఆమె ఆ పొడినే పాలలో కలుపుకుని తిన్నదట, ఇప్పటికీ చెబుతుంది.

చెరువుగట్టు_భీమవరం
ఆపద ముందా భాష ముందా అని వాదన సాగుతోంది కనుక నా అనుభవం చెబుతాను. నాకు ఆరు ఎకరాల రొయ్యల చెరువులు ఉన్నాయి. మేము పెంచే వనామీ మన రొయ్య కాదు, అమెరికా ఖండాల పసిఫిక్ తీరానిది. 2009 నుంచి మన దేశంలో అనుమతించారు. తల్లి రొయ్యలు విదేశాల నుంచి వస్తాయి, మేత లెక్కలూ జబ్బులూ బయటి దేశాల్లో ముందు కనపడి తరువాత మన దగ్గరికి వస్తాయి, సరుకు మళ్ళీ బయటి దేశాలకే పోతుంది. ధర మన చేతిలో లేదు. అమెరికాలో సుంకం పెరిగితే భీమవరంలో రొయ్య ధర ఆ రోజే పడిపోతుంది.

ఏడేళ్ళ కిందట పంటంతా వైట్ స్పాట్ (తెల్లమచ్చల) జబ్బుకు పోయినప్పుడు ఒక వియత్నాం రైతు పెట్టిన వీడియో చూసి కింద ప్రశ్న అడిగాను. అతను అనువాద యంత్రం సాయంతో జవాబు ఇచ్చాడు. ఇప్పుడు మేము పంతొమ్మిది మందిమి ఉన్నాం, వియత్నాం, ఇండోనేషియా, ఈక్వెడార్, ఒడిశా, తమిళనాడు, మా భీమవరం. ఒకరి భాష ఒకరికి రాదు. ప్రతి ఉదయం చెక్ ట్రే (మేత తిన్నదీ లేనిదీ చూసే పళ్ళెం) ఫొటో, నీటిలో ఆక్సిజన్ ఎంత, ఉప్పదనం ఎంత, రొయ్య పేగు నిండుగా ఉందా లేదా అన్నవి పెడతాం. అంతే. పోయిన ఏడాది నా చెక్ ట్రేలో తెల్లటి పేగు నూలుపోగులా తేలి కనపడితే, ఈక్వెడార్ మనిషికి అప్పుడు రాత్రి అయినా వెంటనే మేత ఆపమని చెప్పాడు. అతని మొహం నేను ఎన్నడూ చూడలేదు. పండుగలు, పాటలు మా మధ్య లేవు. రోజూ చేసే పని ఒక్కటే ఉంది. మా గ్రూపు ఏడేళ్ళుగా ఒక్క రోజు కూడా ఆగలేదు.

న్యూజెర్సీ_అమలాపురం
తమ్ముడూ, మీది వృత్తి సంఘం. రేపు చెరువులు మానేస్తే ఆ పంతొమ్మిది మందితో మీకు ఏం మిగులుతుంది? ఊరి సంఘం అలా తెగకూడదు కదా.

చెరువుగట్టు_భీమవరం
నిజమే, తెగవచ్చు. అయితే పని లేకుండా కట్టిన గ్రూపు ఇంకా ముందే తెగిందని మాస్టారే రాశారు.

పాతరాతలు
మన డెల్టా సరిహద్దులు దాటడం ఇవాళ్టిది కాదని గుర్తు చేయడం కోసం రాస్తున్నాను. నర్సాపురం పక్కన ఉన్న మాధవాయపాలెం పేరు మీదనే ఐరోపాలో ఒక రకం మెత్తటి నూలు బట్టను 'మడపొల్లం' అని పిలిచారు. ఆ పేరు ఇప్పటికీ బట్టల వ్యాపారంలో ఉంది. కోరంగి రేవు నుంచి ఓడలు బంగాళాఖాతమంతా తిరిగేవి. 1832-33 నాటి నందన కరువు తరువాత బతకలేక జనం రేవు దారి పట్టారు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన కోరంగిని తుడిచిపెట్టినా ప్రయాణాలు ఆగలేదు. 1843లో 'కోరంగి ప్యాకెట్' అనే ఓడ తెలుగు కూలీలను మారిషస్ చేర్చింది. బర్మాలో తెలుగువారందరికీ, ఏ జిల్లావారైనా సరే, 'కోరంగీలు' అన్న పేరే స్థిరపడింది. కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయి డెల్టాకు నీరు వచ్చాక కూడా కాకినాడ నుంచి స్టీమర్లలో రంగం వెళ్ళి, బియ్యం మిల్లుల్లో, రేవులో కొన్ని నెలలు పనిచేసి తిరిగివచ్చేవారు వేలల్లో ఉండేవారు.

చెప్పదలచుకున్నది ఏమిటంటే, మాస్టారి గ్రూపులో ఉన్న 214 మంది ఒక అంచు మాత్రమే. మనల్ని వెతుకుతున్నవారు బయట ఇంకా ఎందరో ఉన్నారు. వారి దగ్గర మన ఫోన్ నంబర్లు లేవు.

మోకా_అప్పన్న
నేను మారిషస్ మనిషిని. మా ఇంట్లో క్రియోల్ మాట్లాడతాము. తెలుగు నేను బడిలో మొదలుపెట్టి, మోకాలో ఉన్న మహాత్మా గాంధీ సంస్థలో నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి.

పాతరాతలు గారు చెప్పిన మాట నిజము. మేము వెతుకుతున్నాము. మా దేశంలో ఉగాది ప్రభుత్వ సెలవు దినము. అమ్మోరు పండుగ చేస్తాము, రామభజన చేస్తాము, సింహాద్రి అప్పన్నకు మొక్కుతాము. ఎక్కడి నుంచి వచ్చామో మాత్రం చాలామందికి తెలియదు. పోర్ట్ లూయీ రేవులో ఆప్రవాసి ఘాట్ ఉన్నది. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మా పెద్దలు ఆ రాతిమెట్లు ఎక్కి వచ్చారు. వచ్చిన ప్రతి మనిషికి ఒక నంబరు ఇచ్చారు. ఆ పుస్తకాలు మహాత్మా గాంధీ సంస్థలో భద్రముగా ఉన్నవి.

నేను మా వంశంలో మొదట వచ్చిన మనిషి కాగితము తీసుకున్నాను. వయసు 22, ఎత్తు, ముఖము మీద మచ్చ, తండ్రి పేరు, అన్నీ రాసి ఉన్నవి. జిల్లా రాజమంద్రి అని ఉన్నది. ఊరి పేరు ఇంగ్లీషు గుమాస్తా తన చెవికి వినపడినట్లు రాశాడు. చదివితే 'నెల్లపిల్లి' అని వస్తున్నది. అటువంటి ఊరు ఉన్నదా? నాకు ఆస్తి వద్దు. 2024లో భారత రాష్ట్రపతి మా దేశం వచ్చినప్పుడు ఏడవ తరము వారికి కూడా ఓసీఐ (విదేశీ భారతీయ పౌరుల) కార్డు ఇస్తామని ప్రకటించారు, ఆ కాగితము పని వేరుగా జరుగుతుంది. ఆ ఊరిలో ఒక చెట్టు కింద ఒక్కసారి కూర్చోవాలి. మా నాన్న ఆ కోరికతోనే పోయారు.

కొత్తసభ్యుడు_రావులపాలెం
ఆ కాగితంలో కులం కూడా రాసి ఉంటుందని విన్నాను. అది చెబితే ఊరు పట్టుకోవడం తేలిక అవుతుంది కదా, ఏ కులమండీ?

సాల్మియా_రాజోలు
తమ్ముడూ, మంచి ఉద్దేశంతోనే అడిగి ఉంటావు. అయినా ఇక్కడ పదిమంది ముందు ఆ ప్రశ్న అడగవద్దు. మొదట మా శుక్రవారం కూటమి రెండుగా చీలింది ఆ ప్రశ్న దగ్గరే. అప్పుడు ఎవరి ఆపదకు ఎవరు వెళ్ళాలన్న లెక్కలు మొదలయ్యాయి, మధ్యలో ఒక మనిషి ఎవరికీ చెందకుండా మిగిలిపోయింది. నాకు తెలిసిన మనిషి. ఆమె సంగతి ఇక్కడ రాయలేను.

కొత్తసభ్యుడు_రావులపాలెం
క్షమించండి అక్కా. అంత దూరం ఆలోచించలేదు.

ఇంజరం_రైతు
అప్పన్నగారూ, మా ఊరి పక్కనే నీలపల్లి ఉంది. యానాంకు ఆనుకుని, తాళ్ళరేవు మండలంలో, కోరంగికి దగ్గరలోనే ఉంటుంది. మా ఇంజరంలోనూ ఆ నీలపల్లిలోనూ పూర్వం ఈస్టిండియా కంపెనీవారి వర్తక స్థావరాలు ఉండేవి కాబట్టి ఇంగ్లీషు గుమాస్తాలకు తెలిసిన పేరే. 'నెల్లపిల్లి' అదే అయి ఉండవచ్చునని నాకు అనిపిస్తోంది.

పాతరాతలు
అవకాశం ఎక్కువగానే ఉంది, కానీ తొందరపడి తేల్చవద్దు. అటువంటి పేర్లున్న ఊళ్ళు ఇంకా ఉంటాయి. ఒక ఆధారం మాత్రం మన చేతిలో ఉంది. రాజమంద్రి జిల్లా 1859 దాకానే ఉంది, ఆ ఏడు పునర్వ్యవస్థీకరణ జరిగి గోదావరి జిల్లా అయింది. కాగితం మీద రాజమంద్రి అని ఉంటే ఆ మనిషి అంతకుముందే ఓడ ఎక్కి ఉంటాడు. కాగితం మీద చేరిన సంవత్సరం ఎంత ఉందో చూడండి.

మోకా_అప్పన్న
1851 అని ఉన్నది.

పాతరాతలు
అయితే ఆనకట్ట పూర్తి కావడానికి ఒక్క ఏడాది ముందు.

యానాం_వాసి
నేను ఈ మాటలన్నీ చదివి ఒక కొత్త చిక్కు తెస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. 1820ల చివరి నుంచే మా యానాం నుంచి కూలీలను రెయూనియన్ దీవికి తీసుకువెళ్ళారు. వారి సంతానం ఇవాళ ఫ్రెంచి పౌరులు. తమిళమైనా తెలుగైనా తేడా లేకుండా అక్కడ అందరినీ 'మలబార్లు' అన్నారు. వారికి తెలుగు ఒక్క ముక్క రాదు. న్యూజెర్సీ అన్నగారు చెప్పినట్లు భాషే పునాది అయితే వీరు గుమ్మం బయటే ఉండిపోతారు. మా యానాంలోనే 1962లో ఫ్రాన్సు నుంచి భారతదేశానికి బదిలీ ఒప్పందం అమలులోకి వచ్చినప్పుడు ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకున్న కుటుంబాలు ఉన్నాయి. వారి మనవలు పారిస్‌లో ఉన్నారు, అమ్మమ్మతో ఫోన్‌లో నవ్వులే తప్ప మాటలు లేవు. అయినా వారు వేసవిలో వచ్చినప్పుడు గోదావరి గట్టు మీద వారిని పరాయివారని ఎవరూ అనరు. మన సంఘం వారిని అనవచ్చునా?

న్యూజెర్సీ_అమలాపురం
అనకూడదు. ఈ కోణం నాకు తట్టలేదని ఒప్పుకుంటున్నాను. భాష తలుపు కావాలని నా కోరిక, కంచె కావాలని కాదు. తెలుగు నేర్చుకోగోరేవారికి నేర్పే బాధ్యత నేను తీసుకుంటాను. రానివారి మాటను తెలుగులోకి మార్చి చెప్పేవారు కూడా కావాలి.

బర్మాకాలనీ
మా నాయనమ్మ 1942లో రంగం నుంచి కాలినడకన వచ్చింది. ఆమె చెల్లెలు రాలేకపోయింది. కొన్నేళ్ళు ఉత్తరాలు వచ్చాయి, 1962లో అక్కడ సైన్యం అధికారం తీసుకున్నాక తగ్గిపోయి, చివరికి ఆగిపోయాయి. రెండేళ్ళ కిందట ఆ చెల్లెలి మనవడు ఫేస్‌బుక్‌లో మమ్మల్ని కనుక్కున్నాడు. మా నాయనమ్మ పేరును బర్మా ఉచ్చారణలో రాశాడు. ఫొటోలో ముసలమ్మ చెవులకున్న కమ్మలు చూసి మా నాన్న గుర్తుపట్టాడు, ఎందుకంటే ఆ జతలో రెండోది మా ఇంట్లో ఉంది. విడిపోయే రోజున అక్కచెల్లెళ్ళు చెరొక కమ్మ తీసుకుని, తరువాత ఇద్దరూ దానికి జత చేయించుకున్నారట.

సంతోషంతో మా బంధువుల గ్రూపులో అతన్ని చేర్చాం. వారం తిరగకుండా మావాళ్ళలో ఒకరు మయన్మార్ ప్రభుత్వం మీద ఘాటైన వీడియో పెట్టారు. అతను ఆ రాత్రే గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. అక్కడ 2021 నుంచి మళ్ళీ సైనిక పాలన నడుస్తోందని, ఫోన్లు తనిఖీ చేస్తారని మేము ఆలోచించలేదు. మనకు అది ఒక అభిప్రాయం, అతనికి అది ప్రాణం మీది మాట. కాబట్టి మాస్టారికి నా విన్నపం ఒక్కటే. ఏ దేశంలో ఉన్న సభ్యుడికైనా అక్కడి ప్రభుత్వం వల్ల ముప్పు తెచ్చే మాట గ్రూపులో రాకూడదని మొదటి నియమంగా పెట్టండి.

గోదారి_గొంతు
ఈ నియమం నాకు కష్టంగా ఉంది. ఆడవాళ్ళ పాస్‌పోర్టులు లాక్కునే పద్ధతి గురించి కూడా మాట్లాడకూడదంటే ఇక సంఘం ఎందుకు? మౌనం వల్లనే ఆ అమ్మాయి నాలుగు రోజులు జ్వరంతో పడి ఉంది.

బర్మాకాలనీ
మాట్లాడవద్దని నేను అనలేదు. ముప్పు ఉన్న మనిషిని అడిగి, ఆ మనిషి ఒప్పుకున్నంత మేరకే, ఆ మనిషి లేని చోట మాట్లాడమంటున్నాను.

సాల్మియా_రాజోలు
బర్మాకాలనీ గారి మాటే సరైనది. మా తరఫున బయట గట్టిగా మాట్లాడండి, మేము కోరుతున్నాం. మా ఫోన్‌లోకి మాత్రం ఆ మాటలు పంపకండి.

లెక్కలు_కాకినాడ
ఎవరూ ఎత్తని డబ్బు సంగతి చెబుతాను, ఎందుకంటే ఇటువంటి సంఘాలు చాలా వరకు అక్కడే దెబ్బతింటాయి. ఊరిలో సొసైటీ రిజిస్టర్ చేసి విదేశాల నుంచి చందాలు తీసుకుంటామంటే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం కింద నమోదు కావాలి, 2020 సవరణ తరువాత ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా ఉండాలి. ఇందులో చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బు విదేశీ విరాళం కాదు. ఇతర దేశపు పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపేది విదేశీ విరాళమే. అంటే కువైట్‌లో ఇళ్ళలో పనిచేసే అక్క పంపే వెయ్యి రూపాయలను సొసైటీ తీసుకోవచ్చు, అమెరికా పౌరుడైన డాక్టరుగారి లక్షను నమోదు లేకుండా తీసుకోకూడదు.

కాబట్టి నా సలహా ఏమిటంటే, మొదటి రెండేళ్ళు అసలు డబ్బు వసూలు చేయకండి. టిక్కెట్టు కొనవలసి వస్తే కొనగలిగినవారు నేరుగా కొనిపెట్టాలి. బయలుదేరే ప్రతి ఆడమనిషికీ ప్రవాసీ భారతీయ బీమా యోజన చేయించండి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375, ప్రమాదంలో మరణిస్తే 10 లక్షలు వస్తుంది. విజిట్ వీసా మీద పంపించే ఏజెంటు దీని ఊసే ఎత్తడు.

తపాలాతాత
బంగారం లాంటి మాట.

లంకమాస్టారు
నాలుగు రోజులుగా అందరి మాటలూ నోట్‌బుక్కులో రాసుకుంటూ వచ్చాను. నాకు అర్థమైనంతలో ఒక ఏర్పాటు అనుకున్నాను, తప్పులుంటే దిద్దండి.

పాత గ్రూపును తీసివేయను. పుట్టినరోజులు, పండుగలు అక్కడే ఉండనివ్వండి, వాటికీ చోటు కావాలి. దాని పక్కన 'వంతు' అన్న పేరుతో రెండోది పెడతాను. దాళ్వాలో (రెండో పంటకు) నీరు చాలనప్పుడు మన కాలువల కింద వంతులవారీగా నీరు వదులుతారు. ఎవరి వంతు నాడు వారు మేలుకుని ఉండి గట్టు మీద కాపలా కాస్తారు, నిద్రపోతే పొలం ఎండుతుంది. అదే పద్ధతి. ఇందులో ఎవరూ ఏదీ పోస్టు చేయరు, ఆపదలో ఉన్నవారు తప్ప. ప్రతి పూటా ఒక మనిషి వినవలసిన బాధ్యతలో ఉంటాడు. మన దగ్గర రాత్రి రెండు అయినప్పుడు న్యూజెర్సీలో మధ్యాహ్నం గడిచి ఉంటుంది, కాబట్టి ఆ పూట అక్కడివారిది. సాల్మియా అక్కగారి పద్ధతిలో ప్రతి సభ్యురాలికీ ఇద్దరు బాధ్యులు, ఒకరు ఆ దేశంలో, ఒకరు ఊరిలో. విన్నది బయట చెప్పరాదు. కులం అడగరాదు. ముప్పు తెచ్చే మాట రాయరాదు. డబ్బు వసూలు లేదు. చట్టంలోని మూడు ముక్కలను రాజోలు యాసలో చదివి రికార్డు చేయడానికి మా ఊరి డిగ్రీ పిల్లలు ఇద్దరు ఒప్పుకున్నారు.

ఊరు వెతుక్కునేవారి పనిని పాతరాతలు గారికి అప్పగిస్తున్నాను.

చెరువుగట్టు_భీమవరం
ఒక మాట మాస్టారూ. ఆపద లేని రోజున కూడా వంతులో ఉన్న మనిషి "విన్నాను, అంతా క్షేమం" అని ఒక్క ముక్క పెట్టాలి. మా గ్రూపులో అన్నీ బాగున్న రోజున కూడా చెక్ ట్రే ఫొటో పెడతాం. అది రాకపోతేనే ఏదో జరిగిందని తెలుస్తుంది.

లంకమాస్టారు
చేర్చాను. చాలా అవసరమైన మాట.

న్యూజెర్సీ_అమలాపురం
సోమవారం నుంచి శుక్రవారం దాకా మీ అర్ధరాత్రి నుంచి మూడు గంటల వరకు నావి రాసుకోండి. మా అమ్మాయి కూడా నా పక్కన కూర్చుని వింటానంటోంది. దాని తెలుగుకు ఇంతకంటే మంచి బడి లేదు.

లంకమాస్టారు
మూడు నుంచి ఆరు వరకు ఎవరూ లేరు. ఇక్కడివారికి గాఢ నిద్ర, కువైట్‌లోనూ అర్ధరాత్రి దాటి ఉంటుంది.

పేరాక్_కొబ్బరితోట
నేను ఇంతవరకు చదువుతూ ఊరుకున్నాను. మాది మలేషియా, పేరాక్ రాష్ట్రం, బాగాన్ దతోహ్. మా తాతను కొబ్బరితోటల పనికి తెచ్చారు. తెలుగు మాట్లాడగలను, చదవడం రాదు, ఇది మా అబ్బాయి ఫోన్‌లో నేను చెబుతుంటే అక్షరాలుగా మారుతున్నది. మీకు మూడు గంటలైతే మాకు అయిదున్నర. నేను అయిదుకే లేస్తాను. ఆ పూట నాకు ఇవ్వండి.

లంకమాస్టారు
మీదే.

ఇంజరం_రైతు
అప్పన్నగారూ, ఆదివారం నీలపల్లి వెళ్ళి పెద్దవాళ్ళను మీ కాగితంలోని తండ్రి పేరు అడిగి వస్తాను. దొరుకుతుందని మాట ఇవ్వలేను. అక్కడ చెరువు గట్టున ఒక పాత రావిచెట్టు ఉంది, ఫొటో తీసి పంపుతాను.

మోకా_అప్పన్న
చెట్టు ఫొటోలో కింద నేల కూడా కనపడేటట్లు తీయండి.

సాల్మియా_రాజోలు
ఈ శుక్రవారం ఆ అమ్మాయి చర్చికి వచ్చింది. ఇంకా నీరసంగా ఉంది. పాస్‌పోర్టు రాయబార కార్యాలయం ద్వారా తిరిగి చేతికి వచ్చింది. మాస్టారికి చెప్పమన్నది ఇదీ: వంతు పట్టికలో తన పేరు కూడా రాయాలట, కువైట్ రాత్రి పది నుంచి పన్నెండు వరకు తాను మేలుకునే ఉంటుందట.